పన్నెండో అతుకు

కెప్టెన్ లూయి షెక్‌హంగ్ ఉదయం ఏడింటికే హాంకాంగ్‌లోని షాంగ్‌వాన్ రేవుకు చేరుకొని, ప్రయాణికుల హాలులో గాజు గోడకు ఎదురుగా ఉన్న కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. గోడకు ఆవల సముద్రం కనిపించవలసిన చోట పొగమంచు తప్ప మరేమీ లేదు. రేవుకు కట్టిన ఓడ ముక్కు మాత్రం, ఎవరో సగం గీసి వదిలేసిన బొమ్మలాగా, కొంచెం కనబడుతూ కొంచెం మాయమవుతూ ఉంది. మకావు పడవలన్నిటినీ తదుపరి ప్రకటన వెలువడేవరకు నిలిపివేసినట్టు మైకులో మూడోసారి చెప్పారు.

"తొమ్మిదింటికి పోటు మళ్లుతుంది," అన్నాడు కెప్టెన్. "పోటు మళ్లితే గాలి తిరుగుతుంది. గాలి తిరిగితే మంచు విడిపోతుంది."

"ఈ మాట ఏడింటికి చెప్పారు. ఎనిమిదింటికి చెప్పారు," అంది భార్య పిక్‌యూ. ఆమె ముదురు ఎరుపు పట్టు దుస్తుల్లో, పెళ్ళికూతురికి పెట్టవలసిన బంగారు గాజుల డబ్బాను ఒళ్లో రెండు చేతులతోనూ పట్టుకొని కూర్చుంది. "ఆ పోటుకు మీరు చెప్పింది వినబడిందో లేదో!"

"ముప్ఫై ఒక్క ఏళ్లు ఈ నీళ్ల మీద ఓడ నడిపాను, పిక్‌యూ."

"నడిపారు, కాదనను. ఇప్పుడు ఓడ నడవడం లేదుగా. బస్సు నడుస్తోంది."

బస్సు అన్న మాట వినగానే కెప్టెన్ ముఖం తిప్పుకున్నాడు. ఆ మాట వాళ్లింట్లో ఎనిమిదేళ్లుగా ఎవరూ నోటితో అనరు.

ఆయన నడిపినది మామూలు పడవ కాదు. నీటిని వదిలి పైకి లేచి, అడుగున రెక్కల మీద పరుగెత్తే ఓడ. హాంకాంగ్ నుంచి మకావుకు గంటలో చేర్చేది. రోజుకు నాలుగుసార్లు ఆయన ఆ సముద్రాన్ని దాటేవాడు. గ్వాంగ్‌జౌ వైపు సాగిపోయే పెద్ద పెద్ద సరుకు ఓడల దారిని అడ్డంగా, వాటికి ఇబ్బంది కలగకుండా, తన ప్రయాణికుల చేతిలోని కాఫీ తొణకకుండా దాటడం ఆయన విద్య. ఆ సముద్రం మీదనే, మకావు దాకా బస్సులు పోయేలా వంతెన వేయడం మొదలుపెట్టారు. మకావులో స్థిరపడిన ఆయన తమ్ముడు షెక్‌లంగ్ ఆ పనిలోనే కొలతలు చూసే ఉద్యోగానికి కుదిరాడు.

మొదట్లో అన్నకు దాని మీద కోపమేమీ లేదు. ఒక కొత్త సంవత్సరం నాడు భోజనాల దగ్గర తమ్ముడు, ఆ పెద్ద ఓడల దారిలో నీరు ఎప్పుడు నిలకడగా ఉంటుందని అడిగితే, కెప్టెన్ బల్ల మీద టీ ఒలికించి, వేలితో ప్రవాహాలన్నీ గీసి చూపించాడు. ఓడలకు అడ్డు రాకుండా వంతెన అక్కడ నీటి అడుగుకు దిగిపోతుందని తమ్ముడూ ఆ టీతోనే పెట్టెల వరుస ఒకటి గీశాడు. కాంక్రీటు గొట్టాలను ఒక్కొక్కటిగా సముద్రంలోకి దించి, అడుగున ఒకదానికొకటి అతికించి సొరంగం చేస్తారట. అన్నదమ్ములిద్దరూ ఆ తడి బల్ల మీదికి వంగి అర్ధగంట సేపు ఉండిపోతే, ఆవిరి మీద ఉడికిన చేప అలాగే చల్లారిపోయింది.

వంతెన తెరిచే ఏడు వచ్చిన కొత్త సంవత్సరం భోజనంలో మాట తేడా వచ్చింది. "ఇక నీ ఓడను మ్యూజియంలో పెడతారన్నయ్యా," అన్నాడు షెక్‌లంగ్ నవ్వుతూ. రెండు గ్లాసుల సారా పడ్డ మనిషి నవ్వు అది. నవ్వకూడని చోట నవ్వాడు. కెప్టెన్ చాప్‌స్టిక్స్ కింద పెట్టి, "నీ వంతెన మీద నేను కాలు పెట్టను. దాని మీదుగా వచ్చేవాడు నా గడప తొక్కకూడదు," అన్నాడు. తమ్ముడూ తగ్గలేదు. "అయితే నీ ఓడ నేనూ ఎక్కను," అన్నాడు. అంతే. కొత్త సంవత్సరానికి చిన్నవాడు పెద్దవాడి ఇంటికి రావడం రివాజు. వచ్చే దారులు రెండే. ఒకటి అన్న మూశాడు, ఒకటి తమ్ముడు మూసుకున్నాడు. ఎనిమిది కొత్త సంవత్సరాలు అలా గడిచిపోయాయి. కెప్టెన్ పదవీ విరమణ కూడా ఆ మధ్యలోనే జరిగిపోయింది. తమ్ముడు రాలేదు.

కిందటి నెలలో తమ్ముడి కూతురు వాన్‌చింగ్ వచ్చింది. పెళ్ళి బిస్కట్ల పెట్టె చేతికిచ్చి, "ఓడలోనే వచ్చాను పెదనాన్నా," అని టికెట్ ముక్క తీసి చూపించింది. "మీరు టీ తాగకపోతే నేను ఎవరికీ ఇవ్వలేను. మీరు రావాలి."

కెప్టెన్ ఆ టికెట్ ముక్కను రెండు వైపులా తిప్పి చూశాడు. "వస్తాను," అన్నాడు.

లూయి వారి ఇంట్లో పెళ్ళికూతురు గడప దాటే ముందు పెద్దలకు మోకరిల్లి టీ ఇస్తుంది. మొదటి గిన్నె ఇంటికి పెద్దవాడిది. ఆయన తాగితేనే రెండో వాడు, రెండో వాడు తాగితేనే మూడో వాడు. పెద్దవాడు లేకపోతే ఆయన కుర్చీ ముందు గిన్నె పెట్టి మోకరిల్లుతారు. కానీ అది చనిపోయినవారికి చేసే మర్యాద. అమ్మాయి మధ్యాహ్నం పన్నెండింటికల్లా ఇల్లు దాటాలని ముహూర్తం చూసినాయన రాసి ఇచ్చాడు.

తొమ్మిదయింది. పోటు మళ్లింది. రేవు గుంజలకు కట్టిన టైర్ల దగ్గర నీటి గుర్తు చూసి కెప్టెన్ ఆ సంగతి గ్రహించాడు. గాలి తిరగలేదు. మంచు కదలలేదు. ఇంకో పావుగంట చూశాడు.

పిక్‌యూ ఫోను మోగింది. ఆమె కావాలనే గట్టిగా మాట్లాడింది. "ఆ, షెక్‌లంగ్! ఇక్కడే ఉన్నాం. మీ అన్నయ్య మంచుతో మాట్లాడుతున్నారు. మంచు వినడం లేదు." తర్వాత చాలాసేపు వింది. ఫోను పెట్టేసి, నేల చూస్తూ చెప్పింది. "పెళ్ళి తంతు నడిపించే ఆవిడ, అన్నగారు రాకపోతే కుర్చీ ముందు గిన్నె పెట్టి కానిచ్చేద్దామందట. మా అన్న బతికుండగా ఖాళీ కుర్చీకి టీ పోయనివ్వను, కావాలంటే పెళ్ళి ఆగిపోనీ అన్నాడట మీ తమ్ముడు. వియ్యాలవారు ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకుంటున్నారట."

కెప్టెన్ లేచి నిలబడ్డాడు. కోటు గుండీలు పెట్టుకున్నాడు. "టాక్సీ ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు.

"బస్సు దగ్గరికా?"

"ఎక్కడికో నీకు తెలుసు. నా చేత అనిపించకు."

విమానాశ్రయం పక్కనున్న సరిహద్దు భవనానికి వెళ్లేసరికి పది దాటింది. అక్కడ ఇంకో చిక్కు వచ్చింది. దాటే యంత్రం మీద బొటనవేలు పెడితే గేటు తెరుచుకోవాలి. కెప్టెన్ వేలు పెట్టాడు, తెరుచుకోలేదు. తుడుచుకొని పెట్టాడు, తెరుచుకోలేదు. ఆయన కుర్రతనంలో, ఓడ నడపడం నేర్వక ముందు పదేళ్లు తాళ్లు లాగిన మనిషి. ఆ వేళ్ల మీద గీతలు ఎప్పుడో అరిగిపోయాయి.

"ఈ యంత్రానికి మీరెవరో తెలియదట, కెప్టెన్ గారూ," అంది గేటుకు అవతల నిలబడిన పిక్‌యూ.

"దీని వయసెంత?" అన్నాడాయన చిరాకుగా. మనుషులు కూర్చున్న వరుసకు మళ్లి, అక్కడి అధికారిణి ముఖం చూసి, ఫొటో చూసి, పంపించేసరికి పన్నెండు నిమిషాలు పోయాయి.

మకావుకు ఒక వరుస, వంతెన చేరే రెండో ఊరు జూహైకి ఒక వరుస. బస్సు బంగారు రంగుది. పిక్‌యూ ముందుగా ఎక్కి, డ్రైవరు వెనకనున్న కుడివైపు సీటు పట్టింది. కెప్టెన్ మెట్టు మీద ఒక్క క్షణం ఆగాడు. వెనక పెట్టెతో నిలబడిన ఆడమనిషి, "ఎక్కండి తాతగారూ, కాలు నొప్పా?" అంది. ఆయన ఎక్కేశాడు. ఎనిమిదేళ్ల మాట అంత సులువుగా పోయింది. ఎవరూ చూడలేదు కూడా.

బస్సు భవనం దాటాక రోడ్డు ఒక వంపు తిరిగి, వాహనాలన్నీ ఎడమ వదిలి కుడివైపుకు మారాయి. కెప్టెన్ దాన్ని గమనించి కొంచెం ముందుకు వంగాడు. హాంకాంగ్‌లో బండ్లు ఎడమన పోతాయి. ఓడలు మాత్రం ప్రపంచంలో ఎక్కడైనా కుడివైపు పట్టుకొనే పోతాయి.

"సముద్రం మీదికి వచ్చాక బుద్ధి వచ్చింది వీళ్లకు," అన్నాడు.

"మెచ్చుకుంటున్నారా?"

"ఉన్న మాట చెప్తున్నాను."

కిటికీలోంచి సముద్రం కనిపించలేదు. రెండు పక్కలా తెల్లగా ఉంది. మంచు వల్ల వేగం తగ్గించారు. రోడ్డు మీది పలకల్లో ఎర్ర అంకెలు మెరుస్తున్నాయి. కెప్టెన్ కళ్లు డ్రైవరు ముందున్న అద్దం మీద నిలిచిపోయాయి. ఇంత మంచులో ఆయన ఎప్పుడూ రాడార్ లేకుండా కదలలేదు. చేతులు మోకాళ్ల మీద ఉన్నాయి గాని, కుడిచేయి వేళ్లు లేని మీటను కొద్దికొద్దిగా వెనక్కి లాగుతూనే ఉన్నాయి. వెనక సీట్లలో ఎవరో మకావు గుడ్డు బిస్కట్ల గురించీ, ఎవరో మోకాళ్ల నొప్పి గురించీ మాట్లాడుకుంటున్నారు. తాను నడిపిన ఓడలో కూడా జనం ఇవే మాట్లాడుకునేవారు కాబోలు. తలుపు వెనక ఉండి తనకు ఎప్పుడూ వినబడలేదు.

టైము పదీ యాభై అయింది.

"ఆలస్యమవుతుందంటారా?" అంది పిక్‌యూ. ఆమె గొంతులో ఇప్పుడు ఎగతాళి లేదు.

"తొమ్మిదింటికి బయల్దేరి ఉంటే అయ్యేది కాదు," అన్నాడు కెప్టెన్. గడియారం చూసుకొని, "ఏడింటికే బయల్దేరి ఉంటే ఇంకా బాగుండేది," అన్నాడు.

పెళ్ళయిన నలభై నాలుగేళ్లలో ఆయన పొరపాటు ఒప్పుకోవడం పిక్‌యూ ఇంతకుముందు వినలేదు. గాజుల డబ్బాను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

అప్పుడు రోడ్డు కిందికి వంగింది. మంచులోంచి ఒక నల్లటి ద్వారం పైకి లేచినట్టు వచ్చి బస్సును మింగేసింది. ఆ మరుక్షణమే మంచు లేదు. సొరంగం నిండా తెల్లటి, శుభ్రమైన వెలుతురు. ముందు పోతున్న బండ్లు అర మైలు దాకా స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆ పూట ఆ సముద్రమంతటిలోనూ చూపు ఆనేది ఆ అడుగున ఒక్కచోటే.

చక్రాల కింద 'టక్' మని చిన్న కుదుపు వినిపించింది. కొంతసేపటికి ఇంకొకటి. కెప్టెన్ తల పక్కకు వంచి విన్నాడు. పది పన్నెండు సెకన్లకొకటి. అవి అతుకులు. బల్ల మీద టీతో తమ్ముడు గీసిన పెట్టెల వరుస ఆయన కళ్లముందుకు వచ్చింది. ముప్ఫై మూడు ముక్కలని చెప్పాడు. ఒక్కొక్కటీ ఒక వీధంత పొడుగని చెప్పాడు. కెప్టెన్ వేళ్లు ముడుస్తూ లెక్క మొదలుపెట్టాడు. ప్రతి కుదుపుకూ కుడివైపు గోడను కింద నుంచి పైదాకా చూస్తున్నాడు.

"ఏం వెతుకుతున్నారు?"

"చెమ్మ."

"చెమ్మా?"

"ఓడైనా సొరంగమైనా నీళ్లు వచ్చేది అతుకు దగ్గరే."

"వస్తే ఏం చేస్తారు? బస్సు దిగి తోడేస్తారా?"

ఆయన ఇంకో వేలు ముడిచాడు. పైన ఇప్పుడు పెద్ద ఓడల దారి ఉంటుంది. దక్షిణంగా కొన్ని మైళ్ల దూరంలో ఆయన జీవితమంతా అడ్డంగా కోసుకుంటూ పోయిన దారి అదే. ఈ మంచులో అక్కడెక్కడో ఒక సరుకు ఓడ లంగరు వేసుకొని, నిమిషానికొకసారి గంట కొట్టుకుంటూ ఉంటుంది. ఆ ఓడ బరువు, దాని కింద నీటి బరువు, నీటి కింద బురద బరువు, అన్నీ ఈ కప్పు మీదనే ఉన్నాయి. ఇక్కడ ఎవరో గుడ్డు బిస్కట్లు తింటున్నారు.

తమ్ముణ్ణి తాను ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు, పని ఎలా జరిగిందని.

"ఫోను ఇలా ఇవ్వు," అన్నాడు.

పిక్‌యూ తమ్ముడి నంబరు నొక్కి చేతికిచ్చింది.

"వదినా! ఎక్కడున్నారు?" అంది అవతలి గొంతు. ఆ గొంతు ముసలిదైపోయింది. వెనక చాలామంది ఒక్కసారే మాట్లాడుతున్నారు.

"నేను," అన్నాడు కెప్టెన్. "నువ్వు కొలిచింది ఎన్నో అతుకు?"

అవతల ఎవరో గబగబా నడిచినట్టు వినబడింది. తర్వాత ఒక తలుపు వేసిన చప్పుడయింది. గోల తగ్గింది.

"అన్నయ్యా, ఏమన్నావు?"

"సొరంగంలో ఉన్నాను. లెక్కపెడుతున్నాను. పదిహేను అయ్యాయి. నీది ఎన్నోది?"

"చాలా చూశాను అన్నయ్యా. కానీ మొదటి నుంచి చివరిదాకా నా చేతి మీద దిగింది పన్నెండోది. నువ్వు చెప్పావే, పోటుకూ పాటుకూ మధ్య నీళ్లు ఊపిరి బిగబట్టే వేళ అని, ఆ వేళకే దించాం."

"పన్నెండు ఎటు నుంచి? తూర్పు నుంచా, పడమటి నుంచా?"

"మా లెక్క పడమటి నుంచి."

"ముందు అది చెప్పాలి కదా! కొలతలు చూసేవాడివి, దిక్కు చెప్పకుండా అంకె చెప్తావా?" అన్నాడు కెప్టెన్. "నేను తూర్పు నుంచి వస్తున్నాను. ముప్ఫై మూడులో పన్నెండు పోతే ఇరవై ఒకటి. ఇంకా రాలేదు. ఉండు."

తమ్ముడు ఉన్నాడు. అతడి ఊపిరి ఫోనులో వినబడుతోంది.

"పదహారు," అన్నాడు కెప్టెన్. "పదిహేడు. డ్రైవరు నెమ్మదిగా పోతున్నాడు. పద్ధెనిమిది." వెనక సీట్లో బిస్కట్ల మాట ఆగిపోయింది. "పందొమ్మిది. ఇరవై." ఆయన కిటికీ అద్దానికి నుదురు ఆనించాడు. టక్ మంది. గోడ మీద నిలువుగా ఒక సన్నని గీత, దాని పక్కన ఏదో అంకె, మరుక్షణంలో వెనక్కి పోయాయి.

"దాటాను."

"చెమ్మ ఉందా?" అన్నాడు షెక్‌లంగ్. అరవై నాలుగేళ్ల మనిషి, బడి పలక చూపించే పిల్లవాడిలాగా అడిగాడు.

"లేదు," అన్నాడు కెప్టెన్. మళ్లీ గోడ చూసి, "పొడిగా ఉంది. బాగా పొడిగా ఉంది," అన్నాడు. ఫోను భార్యకు ఇచ్చేశాడు.

సొరంగం దాటి పైకి రాగానే మళ్లీ మంచు కమ్ముకుంది.

మకావు సరిహద్దు భవనంలో ఆయన యంత్రాల జోలికి పోలేదు. సరాసరి మనుషుల వరుసకే వెళ్లాడు. బయట టాక్సీ ఎక్కేసరికి పదకొండూ ముప్ఫై ఎనిమిది. హాక్‌సావాన్‌లో తమ్ముడి ఇల్లున్న భవనం ముందు ఆగేసరికి పదకొండూ నలభై తొమ్మిది. గుమ్మంలో షెక్‌లంగ్ నిలబడి ఉన్నాడు. సూటు మీద ఎర్ర పువ్వు, కాళ్లకు ఇంట్లో తొడుక్కునే చెప్పులు. తల బట్టతల అయిపోయింది. అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకున్నారు.

"లావయ్యావు," అన్నాడు కెప్టెన్.

"నువ్వు చిక్కావు," అన్నాడు తమ్ముడు. "నడు, నడు. లిఫ్టు పట్టుకొని ఉంచమన్నాను."

ఇంటి నిండా జనం. పెళ్ళి తంతు నడిపించే ఆవిడ నల్లటి జాకెట్టులో, జడలో ఎర్ర పువ్వుతో, చేతిలో పళ్లెం పట్టుకొని, "వచ్చారా పెద్దాయన! మిమ్మల్ని ఈ కుర్చీలో చూస్తానని అనుకోలేదు. పటం కట్టించాలేమో అనుకున్నా," అంది గట్టిగా. అందరూ నవ్వారు. వియ్యాలవారు కూడా, ఊపిరి తీసుకున్నట్టుగా నవ్వారు.

మధ్యనున్న కుర్చీ ఖాళీగా ఉంది. దాని ముందు గిన్నె లేదు. ఉదయం నుంచీ తమ్ముడు ఎవరినీ పెట్టనివ్వలేదని కెప్టెన్‌కు చూడగానే అర్థమయింది. ఆయన కూర్చున్నాడు. వాన్‌చింగ్, బంగారు జరీ గౌనులో, పక్కన పెళ్ళికొడుకుతో మోకరిల్లి, రెండు చేతులతో గిన్నె అందించింది.

"టీ తాగండి, పెదనాన్నా."

అందులో రెండు ఎర్ర ఖర్జూరాలు, రెండు తామర గింజలు తేలుతున్నాయి. తొమ్మిదింటికి కాచినది. చల్లారితే మళ్లీ కాచారు, చల్లారితే మళ్లీ కాచారు. అది టీ రంగు పోయి కషాయం రంగుకు వచ్చింది. నోట్లో పెట్టుకుంటే పాకంలాగా తియ్యగా, అడుగున చేదుగా ఉంది. అలవాటు ప్రకారం పెద్దలు పెదవులు తడుపుకొని గిన్నె తిరిగి ఇచ్చేస్తారు. కెప్టెన్ ఆఖరి చుక్క దాకా తాగాడు. ఖర్జూరాలు కూడా నమిలాడు. పిక్‌యూ గాజులు తొడిగింది. ఆయన లేచి, తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు.

"నీ వంతు. కానివ్వు. టైము లేదు."

పన్నెండుకు రెండు నిమిషాలుండగా ఎర్ర గొడుగు కింద పెళ్ళికూతురు గడప దాటింది. కింద టపాకాయల బదులు పెద్ద బుడగలు పగలగొట్టారు. ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అయిపోయి, ముసలివాళ్లు ముగ్గురూ కిటికీ దగ్గర మిగిలారు. మంచు అప్పుడు విడిపోవడం మొదలుపెట్టింది. భవనాల మధ్య నుంచి సముద్రం ముక్క ఒకటి, దాని మీద వంతెన గీతా కనిపించాయి.

"ఇదిగో, మీ మంచు మాట విన్నది," అంది పిక్‌యూ. "మూడు గంటలు ఆలస్యంగా విన్నది, అంతే. రేపు హాయిగా ఓడలో పోవచ్చు."

కెప్టెన్ ఆ గీతను చివరిదాకా చూశాడు. మధ్యలో ఒకచోట వంతెన నీళ్లలోకి దిగిపోయింది. అక్కడ పెద్ద ఓడ ఒకటి, లంగరు ఎత్తుకున్నట్టుంది, నెమ్మదిగా సాగుతోంది.

"తిరుగు బండ్లు సొరంగంలో వేరే గొట్టంలోనుంచి పోతాయి కదా?" అన్నాడు తమ్ముడితో.

"అవునన్నయ్యా. నడుమ గోడ ఉంది."

"అందులో చెమ్మ ఉందో లేదో నేను చూడలేదు." ఆయన కోటు గుండీ ఒకటి విప్పి, మళ్లీ పెట్టుకున్నాడు. "రేపు బస్సులోనే పోతాం. నువ్వూ రా. నేను కుడి గోడ చూస్తాను, నువ్వు ఎడమ గోడ చూడు. ఇల్లు చేరేసరికి పొద్దుగూకుతుంది, భోజనం అక్కడే."

 షెక్‌లంగ్ చెప్పుల కాలితో నేల రాస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత పిక్‌యూ వైపు తిరిగి అడిగాడు.

"వదినా, ఆవిరి చేప చేస్తావా?"

"చేస్తాను," అంది ఆమె. "వేడిగా ఉండగా తింటానంటే."